అయిదవ కారణము

ఒక వస్తువు ఒకసారి చెడిపోయినచో దానిని గూర్చి తత్త్వవిచారము చేయవలసిన పని లేదు. చేయబడిన వస్తువు లన్నియు ఏదో ఒకనాడు చెడిపోవునవే. కాని ఒకే వస్తువు, ఒకే తావున, మార్చిన కొలదియు మరల మరల చెడిపోవుచున్నప్పుడు మాత్రము మనుష్యుని బుద్ధి యంత్రశాలను విడిచి దేవాలయమువైపు తిరుగుచుండును. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కార్లు నడుపుకొనువారికి ఇట్టి యనుభవమును దెచ్చిపెట్టు వస్తువులలో చక్రమునందలి బేరింగు ముఖ్యమైనది. మొదట వేగముతోపాటు హెచ్చు గుయ్యిమను మ్రోత యొకటి పుట్టును. స్టీరింగు కుడికి ద్రిప్పినపుడు ఎడమ చక్రముమీద బరువు పడి మ్రోత పెరుగును, ఎడమకు ద్రిప్పినపుడు తగ్గును. షెడ్డులో మెకానిక్కు జాకీపై బండిని లేపి, చక్రమునకు పైనొకచేయి క్రిందనొకచేయి వేసి యూపి, "ప్లే వచ్చిందన్నా, బేరింగు పోయింది" అనును. క్రొత్తది వేయుదురు. కొన్ని మాసములకు అదే చక్రమున అదే మ్రోత. మరల క్రొత్తది, మరల మ్రోత. అప్పుడు ఇరుగుపొరుగువారి ధోరణి మారును. "ఈ బండి నీకు అచ్చిరాలేదప్పా" అని ఒక పెద్ద పలుకును, నంబరుపలక మీది అంకెలు కూడబడును, కొన్న వారము మంగళవారమా యని విచారణ జరుగును, బంపరునకు నిమ్మకాయయు మిరపకాయలును వ్రేలాడును, బూడిదగుమ్మడికాయ పగులును, కదిరి నరసింహస్వామికి మ్రొక్కుకొందురు, పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివింతురు.

ఈ యాచారములను పరిహసించుట నా యుద్దేశము కాదు. భయపడిన మనుష్యుడు తన పెద్దలు చూపిన గడపకే పోవును. అందు దోషమేమియు లేదు. నా ప్రశ్న వేరు. మాటిమాటికి సంభవించు ఒక చెడుగునకు దైవమును కారణముగా జెప్పుట ఆస్తికతయా, లేక ఆస్తికతకే జరుగు అపచారమా? నేను రెండవ పక్షమువాడను. నా పక్షమునకు సాక్ష్యమును యంత్రశాస్త్రమునుండి మాత్రమే గాక, ఎక్కువగా మన దర్శనములనుండియే తీసికొనదలచితిని.

వస్తుస్వరూపమును ముందు తెలిసికొందము. ఇరుసును గూర్చిన చింత మనకు క్రొత్తది కాదు. కందెన లేనిదే సాక్షాత్తు పరమేశ్వరుని బండియైనను కదలదని సుమతీశతకకర్త చెప్పినాడు. ఆతడు ఆ మాటను గ్రామకరణముల యనుగ్రహమునకు దృష్టాంతముగా వాడినాడనుట వేరు సంగతి. ఎద్దుబండి యిరుసున ఇనుమును ఇనుమును ఒరసికొనుచుండగా నడుమ కందెన యొక్కటియే అడ్డము. ఒరపిడి స్థానమున దొరలుటను ప్రవేశపెట్టి, బండియిరుసునకు గుండ్లు బిగించు పద్ధతికి 1794లో వేల్సు దేశపు కార్మార్థెన్ పట్టణమున ఫిలిప్ వాఘన్ అనునాతడు పేటెంటు పొందెను. నేటి కారు ముందుచక్రమున లోపలి రేసు, వెలుపలి రేసు, నడుమ రెండు వరుసల ఉక్కు గుండ్లు, వానిని ఎడముగా నిలుపు పంజరము, లోని గ్రీజు బయటకు పోకుండను బయటి దుమ్ము లోనికి రాకుండను కాచు సీళ్లు, ఇవన్నియు జేరి ఒక్క బేరింగగుచున్నవి. అనేక వాహనములలో వెలుపలి రేసు నకిలనబడు లోహపుగూటిలో గట్టిగా దిగవేయబడియుండును. లోపలి రేసులోనికి హబ్బు దూరియుండును. తన వంతునకు వచ్చిన బరువునంతయు గోరంత మేర తాకిడిపై మోయుచు ఆ గుండ్లు వేలకొలది మైళ్లు దొరలవలెను. ఇంత సూక్ష్మమైన వస్తువు చెడిపోవుటకంటె చెడిపోకుండుటయే ఎక్కువ యాశ్చర్యకరమని నాకు దోచును.

ఇక అదృష్టమను మాటను చూతము. నేడు ఆ పదమును మనము లాటరీసీటులకు వాడుచున్నాము గాని, కణాదమహర్షి దానిని మిక్కిలి పొదుపుగా వాడినాడు. సూది అయస్కాంతమువైపు పోవుటకును, అగ్నిజ్వాల పైకే లేచుటకును, గాలి అడ్డముగా వీచుటకును, సృష్ట్యాదియందు పరమాణువుల తొలి చలనమునకును అదృష్టము కారణమని వైశేషికసూత్రములు చెప్పుచున్నవి. కుండ పగులుటకు గాని బాణము లక్ష్యమును దాకుటకు గాని ఆయన అదృష్టమును జెప్పలేదు. అచ్చట తాకిడి, వేగము, గురుత్వము మొదలగు కంటికి దెలియు కారణములనే యెంచినాడు. అనగా దృష్టకారణము లన్నియు ముగిసిన పొలిమేరయందు మాత్రమే ఆ ఋషి అదృష్టమను రాయిని పాతినాడు. తరువాతి కాలమున సూదిని, అయస్కాంతమును గూర్చిన నియమములు వెల్లడియైనప్పుడు ఆ పొలిమేర వెనుకకు జరిగినదే గాని, కణాదుని పద్ధతి కేమియు భంగము కలుగలేదు.

మీమాంసకులు ఇంతకంటెను గట్టివారు. యజ్ఞమే తమ సర్వస్వమైనవారు, అపూర్వమను అదృశ్యఫలమును అంగీకరించినవారు, వడ్లు దంచుమను విధివాక్యము దగ్గర ఆగి, దంచుటవలన పొట్టు ఊడుట యను దృష్టప్రయోజనము కన్పట్టుచుండగా దంచుటకే వేరొక అదృష్టఫలమును కల్పించుట న్యాయము కాదని నిర్ణయించినారు. గోళ్లతో ఒలిచినను పొట్టు ఊడును గదా, దంచియే తీయవలెనను నియమ మెందులకని మరల ప్రశ్నించి, ఆ నియమమునకు మాత్రమే అదృష్టమును మిగిల్చినారు. యజ్ఞశాలలోని రోటివద్దనే దృష్టమునకు అగ్రపూజ జరిగినప్పుడు, మెకానిక్కు షెడ్డులో అదృష్టమును అగ్రాసనమున గూర్చుండబెట్టుట ఏ శాస్త్రమునకు సమ్మతమగును?

సరి, దృష్టకారణము నెట్లు పోల్చుకొనవలెను? ఇచ్చట మన యాంధ్రుడే యొకడు మార్గదర్శకుడు. పదునేడవ శతాబ్దివాడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున, కార్యమునకు ముందు నియతముగా నుండునది కారణమనెను. దానికి తానే వ్రాసిన వ్యాఖ్యయగు దీపికయందు, అది అన్యథాసిద్ధము కారాదనియు చేర్చెను. కుండ పుట్టుటకు ముందు మట్టిని మోసిన గాడిద యుండవచ్చును, కుమ్మరి తండ్రియు ఉండియే యుండెను. అయినను వారిని కుండకు కారణములని యెవ్వరును అనరు. నంబరుపలక మీది అంకెలు, మంగళవారము, ఎదురువచ్చిన పిల్లి, ఇవి యన్నియు మన కారు కథలోని గాడిదలు. వానిని వేరుచేయు ఉపాయము అన్వయవ్యతిరేకము: ఏది యున్నప్పుడు చెడుగు కలుగుచున్నది, ఏది లేనప్పుడు కలుగుట లేదు? నంబరుపలక నాలుగు చక్రములకును సమానము. కొన్న వారమును సమానము. కాని బేరింగు పోవుచున్నది ఎడమ ముందుచక్రమున మాత్రమే. నాలుగింటికి సమానమైనది ఒక్కదాని చెడుగునకు కారణ మెట్లగును? ఈ యొక్క ప్రశ్నతో సగము జ్యోతిషము తొలగిపోవును. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును గనుక బాట అంచులలోని గోతులు, దిగుడులు ఎడమ చక్రమునకే యెక్కువగా తగులునను సంగతి అప్పుడు గాని తోపదు.

కారణనిర్ణయమున తొందరపాటు ఎంతటి ఘోరమునకు దారితీయునో పెనుకొండ కొండకు దెలిసినంతగా మరి యే కొండకును దెలియదు. శ్రీకృష్ణదేవరాయల కుమారుడు బాల్యముననే మరణించెను. విషప్రయోగము జరిగినదను అనుమానము సాళువ తిమ్మరుసు కుటుంబముపై బడినదనియు, రాయలు ఆ మహామంత్రిని చెరబట్టి కన్నులు తీయించెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. ఆ చెర పెనుకొండయందే యని స్థలజనశ్రుతి, నేటికిని చూపుదురు. వ్యాధి యేదో, విషమున్నదో లేదో, ఉన్నచో ఎవరి చేతిదో, ఒక్కటొక్కటిగా విడదీయుటకు పుత్రశోకము రాయలకు వ్యవధి యియ్యలేదు. దుఃఖము కారణమును వెదకదు, నేరస్థుని వెదకును. చక్రము క్రింద నలిగిన నిమ్మకాయకును ఆ మంత్రి కన్నులకును నడుమ నున్న దూరము గొప్పదే, కాని రెండింటి వెనుకనున్న తొందర యొక్కటే.

భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమున, సర్వకర్మముల సిద్ధికి కారణములు అయిదని చెప్పబడినది: అధిష్ఠానము, కర్త, కరణము, వివిధచేష్టలు, అయిదవది దైవము. శంకరులు అధిష్ఠానమునకు శరీరమనియు, కరణములకు ఇంద్రియములనియు, దైవమునకు ఆ యింద్రియముల ననుగ్రహించు ఆదిత్యాదులనియు అర్థము చెప్పినారు. నేను ఆ పదములను షెడ్డులోనికి దింపుట సాహసమే యని యెరుగుదును. అయినను పురుషుడు చేయు ప్రతికర్మమునకు ఈ యయిదే హేతువులని భగవానుడే చెప్పినప్పుడు, బేరింగు వేయుట మాత్రము ఆ లెక్కనుండి తప్పించుకొనునా?

అధిష్ఠానమనగా ఆశ్రయము, నిలుచుండు తావు. మాటిమాటికి బేరింగు పోవుచోట అన్నింటికంటె ముందు చూడవలసినదియు, అన్నింటికంటె తరువాత చూడబడునదియు ఇదియే. పడుగున ఒకేచోట పోగు పలుమారు తెగునేని ధర్మవరపు నేతకాడు పోగును ముడివేసి ఊరకుండడు. అచ్చులో ఆ పోగు దూరు సందును తడిమి చూచును. ఆ యూరిలోనే నే నెరిగిన పట్టువర్తకుడొకడు మాత్రము తన కారు విషయమున ఈ పాటి నేతబుద్ధిని చూపలేకపోయెను. ఆతని కారు ఎడమచక్రమున బేరింగు పోయిన కొలదియు క్రొత్తది వేయించుచు, ఒక కంపెనీదానిని విడిచి మరియొక కంపెనీది కొనుచు, అన్నియు డూప్లికేటు సరకేయని దుకాణములను దూరుచు, తుదకు మ్రొక్కులలో దిగెను. హిందూపురమున వృద్ధుడైన లేతు పనివాడొకడు ఆ నకిలును విప్పించి, గూటిని బోరుగేజితో అడ్డముగా, నిలువుగా, ఐమూలగా కొలిచి, గుండ్రముగా నుండవలసినది కోడిగ్రుడ్డు వాటముగా నున్నదని చూపెను. అంతేగాక గూటి గోడనిండ సెంటరుపంచి గాట్లు. వదులైన గూటిలో బేరింగు బిగియుటకై పూర్వమెవడో ఆ గాట్లు కొట్టినాడు. గాటుచుట్టును ఉబ్బిన లోహము కొన్నాళ్లు పట్టియుంచును, పిమ్మట అరిగి, వెలుపలి రేసు గూటిలోనే జరుగ మొదలిడును. గూడు వంకరైనచోట నిర్దుష్టమైన బేరింగును దిగవేసినను, ఆ వంకర రేసునకు సంక్రమించి, బరువు కొన్ని గుండ్లమీదనే పడును. ఇచ్చట గణితము నిర్దయమైనది: గుండ్ల బేరింగుపై బరువు రెట్టింపైనచో ఆయువు సగమగుట కాదు, ఎనిమిదవవంతగును. దేహము మారినను వాసన మారకున్నచో జన్మపరంపర తెగదని మన పెద్దలు చెప్పుదురు గదా. ఆ నకిలులో జరిగినది అదియే.

ఈ యధిష్ఠానవిచారమునకు లోకప్రసిద్ధమైన నిదర్శన మొకటి గలదు. స్వీడను దేశపు గోటెన్‌బర్గున ఒక బట్టలమిల్లునకు స్వెన్ వింగ్‌క్విస్ట్ ఇంజనీరుగా నుండెను. ఆ మిల్లు బంకమట్టి నేలపై నుండుటచే నేల క్రుంగి, గోడలు కదలి, యంత్రముల నడుపు పొడవైన ఇరుసులు వరుస తప్పి, బేరింగులు పదేపదే పోవుచుండెడివి. ఆతడు బేరింగులను నిందింపలేదు, నేలనును శపింపలేదు. ఇరుసు కొంత వంగినను తానుగా సర్దుకొనునట్లు వెలుపలి రేసును గోళాకారముగా మలచి, 1907లో రెండు వరుసల క్రొత్త బేరింగును సృష్టించెను. నేడు ప్రపంచమంతట తెలిసిన ఎస్‌.కె.ఎఫ్. సంస్థ ఆ యేడే వెలసినది. మార్చ శక్యము గాని యధిష్ఠానముతో సంధి చేసికొనుటయు ఒక పురుషకారమే. అయితే కారు చక్రమునకు ఈ సంధి పనికిరాదు. చక్రము ఇరుసుపై అటునిటు ఒరగినచో బండి దారి తప్పును. ఏ వంకరను సహింపవచ్చునో, దేనిని సరిదిద్దియే తీరవలెనో తెలియుటయే వివేకమని వేదాంతులు వేరు సందర్భమున చెప్పుచుందురు.

కర్త, కరణము, చేష్ట యను మూడింటిని గూర్చి విస్తరింప నక్కరలేదు. బేరింగును గూటిలోనికి దింపునపుడు వెలుపలి రేసుపై మాత్రమే ఒత్తిడి పడవలెను. లోపలి రేసును ఒత్తినచో ఆ బలమంతయు గుండ్లగుండ పోయి, రేసుపై సొట్టలు పడును. ఆ బేరింగు షెడ్డు దాటకమునుపే సగము చచ్చినది. ప్రెస్సున్నచోట సుత్తి, టార్కురెంచి యుండవలసినచోట అటకలింపు, ఇవి కరణదోషములు. కర్తయనగా మెకానిక్కు మాత్రమే కాడు. అందముకొరకు స్పేసర్లు వేసి చక్రములను బయటకు జరిపి, వెడల్పు టైర్లు తొడిగి, బేరింగుపై బరువు మోపిన యజమానియు కర్తయే. వానాకాలమున వంకలలో బండిని దింపువాడును కర్తయే: పరుగెత్తి వేడెక్కిన హబ్బు చన్నీట మునిగినప్పుడు లోనిగాలి ముడుచుకొని, సీళ్ల సందులనుండి నీటిని బురదతోకూడ లోనికి పీల్చుకొనును. వాన తక్కువయైన సీమ యగుటచే మనవారికి వంకలయందు భయము తక్కువ. 2021 నవంబరులో చిత్రావతి పొంగినపుడు చెన్నేకొత్తపల్లి మండలము వెల్దుర్తివద్ద కారుతోకూడ ప్రవాహమున జిక్కినవారిని, వారిని రక్షింపబోయి తామును జిక్కినవారిని, మొత్తము పదిమందిని వాయుసేన హెలికాప్టరు తీయవలసివచ్చెను.

ఇక దైవము. నాలుగు కారణములును సరిగా నున్నను ఒకే కర్మాగారమున, ఒకే ఉక్కుతో, ఒకే దినమున పుట్టిన బేరింగులు ఒకే దినమున చావవు. ఒకటి మిక్కిలి ముందుగా పోవును, మరియొకటి అనేకరెట్లు బ్రతుకును. స్వీడను శాస్త్రజ్ఞులు లుండ్‌బెర్గ్, పాల్మ్‌గ్రెన్ 1947లో ఈ వైషమ్యమునకు గణితరూపము కల్పించిరి. బేరింగు ఆయువని తయారీదారులు చెప్పు అంకె నూటికి తొంబది బేరింగులు దాటు మేర మాత్రమే. తక్కిన పది అంతకుముందే పోవచ్చునని ఆ లెక్కలోనే యొప్పుకోలున్నది. ఇంజనీర్లు దైవమను మాట వాడరు గాని, దానికి నూటికి పది పాళ్ల జాగా విడిచినారు. ఈ జాగాయే నా వాదమునకు మూలాధారము. సరియైన బరువునకు సరియైన బేరింగు ఒకసారి ముందుగా పోవుట పదింట ఒకటి. అదే తావున వెంటనే రెండవదియు అట్లే పోవుట నూటికి ఒకటి. మూడవదియు పోవుట వేయింట ఒకటి. కావున ఒక్కమారు చెడినదానిని దైవమున కప్పగించినవానిని నేను తప్పుపట్టను. మూడుమార్లు చెడిన పిమ్మట దైవము ననువాడు లెక్కకు సరిగా విపరీతముగా నడచుచున్నాడు. పునరావృత్తి దైవమునకు సాక్ష్యము కాదు. దైవము నిర్దోషియనుటకు సాక్ష్యము. మనవాడో, మొదటిసారి మెకానిక్కును నమ్మును, మూడవసారి దేవుని శంకించును. ఎవడో కొట్టిన సుత్తిదెబ్బను తెచ్చి ఈశ్వరునకు అంటగట్టుటను మించిన నాస్తికత యేది గలదు?

ఈ మాట విని వైష్ణవసంప్రదాయమున పండితులైన పెద్దలొకరు నాతో విభేదించిరి. రామానుజులు గీతలోని ఆ దైవశబ్దమునకు అంతర్యామియగు పరమాత్మయే అర్థమనియు, అయిదింటిలో అదియే ప్రధానమనియు చెప్పినారు గదా, చివర నున్నదని చిన్నచూపు చూడవచ్చునా యని వారి యాక్షేపము. న్యాయమైన యాక్షేపమే. తానొక్కడే కర్తనని తలచువాడు సరిగా చూడనివాడని ఆ గీతయే వెంటనే హెచ్చరించుచున్నది; బోరుగేజి చేతబట్టిన గర్వమునకు అది తగిన చికిత్స. కాని అంతర్యామి సర్వమునందును అంతర్యామియైనచో నకిలునందును అట్టివాడే. గూటిని కొలుచుట ఆయనకు విముఖుడగుట యెట్లగును? కర్మసిద్ధాంతమును గూర్చియు ఇంతే. హేతువు లేనిదే ఫలము లేదనుట దాని ప్రాణము; అట్టి సిద్ధాంతమును హేతువును వెదకకుండుటకు సాకుగా వాడుట దానిని తలక్రిందులు చేయుటయే. ప్రారబ్ధమే యనుకొన్నను, అది ఆ వర్తకునివద్దకు సెంటరుపంచి గాట్ల రూపముననే వచ్చినది. ఆ రూపమును నిరాకరించి దానిని మరియొకచోట పూజించిన తీరదు. పెనుకొండ చేరువనున్న ఎర్రమంచివద్ద 2019 నుండి కార్ల కర్మాగారము నడచుచున్నది. అచ్చట క్రొత్త కారును కొలువకుండ వెలుపలికి పంపరు. కొని తెచ్చుకొన్న పిమ్మట మన యింట జరుగు మొదటి సంస్కారము కొబ్బరికాయ. రెండును ఉండవలసినవే; కొలత ముందు, కొబ్బరికాయ వెనుక. ఆయుధపూజనాడు పనిముట్లను కడిగి తుడిచిన పిమ్మటనే గదా కుంకుమ పెట్టుదుము.

వర్తకుడు నకిలును మార్పించెను. మ్రోత పోయినది, పోయి చాలకాలమైనది. ఆతడు ఆ కారులోనే కదిరికి పోయి ముడుపు చెల్లించెను. ఊరివారు నరసింహస్వామి మహిమ యనిరి, నేను కాదనలేదు. కాని గూటిని కొలిచి చూపిన వృద్ధునకు ముట్టిన కూలి ఆ ముడుపులో పదియవ వంతైనను లేదని తెలిసినప్పుడు మాత్రము ఊరకుండలేక, ఇది న్యాయమా యని యడిగితిని. "స్వామికిచ్చింది నేను మొక్కుకున్నది సార్, ఆయనకిచ్చింది ఆయన అడిగిన రేటు" అని ఆతడు తడవుకొనకుండ జవాబు చెప్పెను. అన్నంభట్టునందు గాని, మీమాంసకులయందు గాని ఈ మాటకు ఖండనము నాకింకను దొరకలేదు.